నోటిఫికేషన్ పడితేనే పరుగు. పరీక్షకు ముందే కుంటు

శ్రీకాకుళం: తెల్లవారక ముందే జిల్లాలో రోడ్లు మేలుకొంటున్నాయి. జాతీయ రహదారి పక్కన, మండల కేంద్రాలకు పోయే తారురోడ్ల మీద, చెరువు గట్ల మీద కుర్రాళ్లు పరుగెడుతున్నారు. వీరు సరదాకు పరుగెత్తేవారు కారు. పోలీసు కానిస్టేబులు ఉద్యోగం, లేకుంటే మిలిటరీ, అదీ కాకుంటే సరిహద్దు దళం. రెండెకరాల పొలం మీద ఇద్దరు అన్నదమ్ములు బతకలేని ఇళ్లలో ఈ పరుగే పెట్టుబడి. ఆ పెట్టుబడి కాస్తా ఎందరికో పరీక్ష రోజు రాకముందే కాలి ఎముక దగ్గర ఆగిపోతున్నది. ఉద్యోగం పోయిందని బాధపడేవారిలో వ్రాతపరీక్ష తప్పినవారే కాదు, వ్రాతపరీక్ష నెగ్గి కుంటుతూ మైదానానికి వెళ్లినవారు కూడా వున్నారు.

ఇది కుర్రాళ్ల తొందరపాటు అని పెద్దలు తేల్చేస్తారు. అందులో నిజం సగమే. తొందర వారు తెచ్చుకొన్నది కాదు, వారి నెత్తిన పడినది.

2022 నవంబరులో రాష్ట్రంలో 6,100 కానిస్టేబులు పోస్టులకు ప్రకటన వెలువడింది. 2023 జనవరి 22న ప్రాథమిక వ్రాతపరీక్ష జరిగింది. 95 వేల మందికి పైగా నెగ్గారు. దేహదారుఢ్య పరీక్షలు వెనువెంటనే వుంటాయని వారంతా పరుగు మొదలుపెట్టారు. పరీక్షలు వాయిదా పడ్డాయి. చివరకు అవి మొదలయింది 2024 డిసెంబరు 30న. ముగిసింది 2025 ఫిబ్రవరి 1న. అంటే దాదాపు రెండేళ్ల ఎడం. రెండేళ్లు ఉద్యోగం లేని కుర్రాడు రోజూ పరుగెత్తుతూ కూర్చోడు. విశాఖకో, హైదరాబాదుకో, చెన్నైకో కూలికి పోతాడు. తేదీలు ప్రకటించారని తెలిసి బండెక్కి ఊరికి వచ్చేస్తాడు. చేతిలో నెలో, నెలన్నరో వుంటుంది. మొదటిరోజే పది కిలోమీటర్లు పరుగెడతాడు. మూడో వారానికి కాలు పట్టుకొని అరుగుమీద కూర్చుంటాడు.

ఊపిరి ముందు, ఎముక వెనుక

ఈ మూడో వారం సంగతి వైద్యులకు కొత్త కాదు. 1855లోనే ప్రష్యా సైన్యంలో బ్రైట్‌హాప్ట్ అనే వైద్యుడు, దెబ్బ ఏదీ తగలకుండానే కొత్త సిపాయిల పాదాలు వాచి నొప్పి పుట్టడం గమనించి వ్రాశాడు. అప్పటికి ఎక్స్‌రే లేదు. తరువాత కాలంలో ఎక్స్‌రే వచ్చాక అది పాదపు ఎముకలలో ఏర్పడిన సన్నని బీట అని తెలిసింది. కవాతు వల్ల వచ్చేది కాబట్టి దానికి మార్చ్ ఫ్రాక్చర్ అన్న పేరు పడింది.

ఎముక రాయి కాదు, ప్రాణమున్న వస్తువు. దాని మీద బరువు పెరిగితే శరీరం దానిని తిరిగి కట్టుకొంటుంది. పాత ఇంట్లో గోడ గట్టిపరచాలంటే ముందు పుచ్చిన ఇటుకలు తీసి తరువాత కొత్తవి పెట్టినట్లుగా, శరీరం ముందు పాత ఎముకను తొలిచి, తరువాత కొత్తది నింపుతుంది. తొలవడం త్వరగా జరుగుతుంది. నింపడానికి నెలలు పడుతుంది. ఈ రెంటికీ మధ్య ఎముక మునుపటికంటె బలహీనంగా వుంటుంది. పరుగు మొదలుపెట్టిన మూడు నాలుగు వారాలకు వచ్చే గండం ఇదే. చిక్కేమిటంటే, గుండె, ఊపిరితిత్తులు అంతకంటె ముందే అలవాటు పడతాయి. ఆయాసం తగ్గుతుంది. బలం వచ్చిందనుకొని కుర్రాడు దూరం పెంచుతాడు. పెంచవలసిన సమయం అది కాదు.

నొప్పి ఎక్కడ, ఎలా

మోకాలికి, చీలమండకు నడుమ ముందువైపు ఎముక లోపలి అంచున జానెడు మేర నొప్పి పరచుకొని వుండి, పరుగు మొదట్లో బాధించి, ఒళ్లు వేడెక్కాక తగ్గితే అది ఎముక మీది పొర ఒత్తిడికి లోనయిందన్న గుర్తు. పరుగు ఆపి రెండు మూడు వారాలు నడకతో సరిపెట్టుకొని, నొప్పి పోయాక మెల్లగా తిరిగి మొదలుపెడితే సాధారణంగా నయమవుతుంది. అదే నొప్పి ఒక్క చోట, వ్రేలితో చూపగలిగినంత మేర వుండి, అక్కడ నొక్కితే ప్రాణం పోయినట్లుండి, ఆ ఒంటికాలి మీద గెంతితే భరించలేక, రాత్రి పడుకొన్నా సలుపుతుంటే అది బీట కావచ్చు. పరుగెత్తే కొద్దీ ఆ నొప్పి తగ్గదు, పెరుగుతుంది.

ఇక్కడే ఎక్కువమంది మోసపోతున్నారు. ఎక్స్‌రే తీయిస్తారు, ఏమీ లేదంటారు, మళ్లీ పరుగెడతారు. ఈ రకపు బీట మొదటి రెండు మూడు వారాలలో మామూలు ఎక్స్‌రేలో కనిపించకపోవడమే సాధారణం. ఎక్స్‌రే బాగుందంటే ఎముక బాగుందని అర్థం కాదు. నొప్పి పై గుర్తులతో వుంటే మూడు వారాల తరువాత మరో ఎక్స్‌రే, లేదా ఎం.ఆర్.ఐ. పరీక్ష అవసరమవుతుంది. బీట అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు మానాలి. మానకపోతే అది పూర్తిగా విరిగే ప్రమాదం వుంది. గజ్జల్లో నొప్పితో కుంటు వస్తే మరీ జాగ్రత్త కావాలి. తొడ ఎముక మెడ దగ్గర బీట పడితే అది విరగక ముందే కనుక్కోవాలి; విరిగితే శస్త్రచికిత్స తప్పదు.

“ఏటీ కాదు, నరం పట్టీసింది” అని ఆముదం రాసి గట్టిగా రుద్దించుకోవడం మన పల్లెల్లో పరిపాటి. అలసిన పిక్కకు మెల్లగా మర్దన చేస్తే హాయిగా వుంటుంది, నిజమే. కాని బీట పడిన ఎముక మీద రుద్దడం పుండు మీద రుద్దడమే. నాటు కట్టు బిగించి కట్టించుకొని, ఆ కట్టుతోనే పరుగెత్తేవారు ఇంకొక అడుగు ముందుకు వేస్తున్నారు.

మిగిలిన నొప్పులు ఇంత భయపడవలసినవి కావు. మోకాటి చిప్ప చుట్టూ నొప్పి పుట్టి, మెట్లు దిగేటప్పుడు, గొంతుకూర్చున్నప్పుడు ఎక్కువయితే దూరం సగానికి తగ్గించి తొడ కండరాలకు, తుంటి కండరాలకు బలం పెంచుకోవాలి. ఉదయం మంచం దిగి మొదటి నాలుగు అడుగులు వేసేటప్పుడు మడమ కింద గుచ్చినట్లుంటే అరికాలి పట్టీ దెబ్బతిన్నదని గుర్తు. మడమ వెనుక తాడులాంటి నరం బిగిసి నొప్పి పెడితే గుట్టలెక్కే పరుగు, ఇసుకలో పరుగు ముందు మానాలి. వంద మీటర్ల పరుగులో తొడ వెనుక కండరం పట్టేయడం, చీకట్లో గోతిలో కాలు పడి చీలమండ మడతపడడం ఎప్పుడూ వున్నవే. చీలమండ మడతపడితే మంచు ముక్కలు నేరుగా కాక గుడ్డలో చుట్టి పెట్టి, కాలు ఎత్తున వుంచుకోవాలి. ఆ కాలి మీద నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే ఆసుపత్రికి వెళ్లాలి.

ఉద్దానంలో మాత్రల పరుగు

ఈ జిల్లాకు మాత్రమే ప్రత్యేకంగా చెప్పవలసిన విషయం ఒకటి వుంది. నొప్పి రాగానే కుర్రాళ్లు చేస్తున్నది విశ్రాంతి తీసుకోవడం కాదు, మందులషాపుకు పోవడం. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు చీటీ లేకుండానే దొరుకుతున్నాయి. కొందరు పరుగుకు ముందే మాత్ర వేసుకొంటున్నారు. ఇంకొందరు సూది వేయించుకొంటున్నారు.

ఈ మాత్రలు మూత్రపిండాలకు పోయే రక్తాన్ని తగ్గిస్తాయి. నీరు తక్కువ తాగి, చెమటోడ్చి పరుగెత్తేటప్పుడు అసలే ఆ రక్తం తగ్గివుంటుంది. రెండూ కలిస్తే మూత్రపిండం దెబ్బతినడానికి అవకాశం ఎక్కువ. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, మందస, పలాస మండలాలలో కుటుంబాలకు కుటుంబాలు మూత్రపిండాల జబ్బుతో ఏళ్ల తరబడి బాధపడుతున్నాయి. ఉద్దానం జబ్బుకు మూలకారణం ఇదీ అని ఇంతవరకు ఇదమిత్థంగా తేలలేదు. కారణం తేలని చోట, తెలిసిన కారణాన్ని చేతులారా కలపడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఇంట్లో ఒకరు డయాలసిస్ చేయించుకొంటున్న కుర్రాడు నొప్పి మాత్ర మింగేముందు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవడం మంచిది.

పశువులకు ఇదే డైక్లోఫెనాక్ వాడినప్పుడు, ఆ కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి లక్షల సంఖ్యలో చచ్చిపోయాయి. 2006లో పశువైద్యంలో దానిని నిషేధించారు. మనిషి రాబందు కాడు. వైద్యుడు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు తట్టుకొంటాడు. కాని రోజూ మాత్ర వేసుకొని పరుగెత్తడంలో రెండు నష్టాలున్నాయి. ఒకటి పైన చెప్పినది. రెండోది, నొప్పి అనే కాపలాదారు నోరు నొక్కేసి ఎముకను విరగ్గొట్టుకోవడం. తప్పనిసరి అయితే పారాసిటమాల్ మోతాదు మించకుండా వాడుకోవచ్చు. అదయినా పరుగెత్తడం కోసం కాదు.

విపరీతంగా పరుగెత్తిన రోజున గాని మర్నాడు గాని మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే అది వేడి చేయడం కాదు. కండరాలు చితికి వాటిలోని పదార్థం మూత్రపిండాలలోకి పోతున్నదన్న మాట. సబ్జా నీళ్లతో కాలయాపన చేయక అదే రోజు పెద్దాసుపత్రికి చేరాలి.

తారురోడ్డా, ఇసుకా

తారురోడ్డే అన్నింటికీ కారణమని ఒక అభిప్రాయం వుంది. నేల గట్టిదనం కంటె ఒక్కసారిగా దూరం పెంచడమే ఎక్కువ హాని చేస్తున్నది. అయినా రోడ్డుతో వేరే ఇబ్బంది వుంది. నీరు పోవడానికి రోడ్డును నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. రోజూ ఒకే అంచున పరుగెత్తితే ఒక కాలు పల్లంలో, ఒకటి ఎత్తులో పడి మోకాలు, తుంటి పక్కలకు లాగుతాయి. ఇక లారీల మాట సరేసరి. చీకట్లో నల్ల బనీనుతో, చెవుల్లో పాటలు పెట్టుకొని, వచ్చే బండికి వీపు పెట్టి పరుగెత్తడం ప్రాణాలతో ఆటే. పరుగెత్తక తప్పకపోతే ఎదురుగా వచ్చే బండ్లు కనిపించే వైపున, తెల్లని బట్టలతో, ఒకరి వెనుక ఒకరుగా పోవాలి.

జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్ర తీరం వుంది. బారువ, కళింగపట్నం ఇసుకలో సాధన చేస్తే రోడ్డు మీద గాలిలా పోవచ్చని కుర్రాళ్ల నమ్మకం. పొడి ఇసుకలో అడుగు దిగబడి మడమ కిందికి జారుతుంది. పిక్క మీద, మడమ వెనుక నరం మీద మామూలుకంటె ఎక్కువ భారం పడుతుంది. అలవాటు లేని కాలికి పది నిమిషాలు చాలు. నీటి అంచున తడి ఇసుక గట్టిగానే వుంటుంది. కాని అది కూడా ఒకవైపు వాలు. వెళ్లిన దూరమే అదే అంచున తిరిగి వస్తే కొంత సరిపోతుంది. వీటన్నింటికంటె మంచిది మట్టి నేల. చెరువు గట్టు, ఎండిన చెరువు గర్భం, హైస్కూలు మైదానం చాలు. అయితే గట్టు మీద గోతులున్నాయో లేదో ముందురోజు పగలు చూసుకోవాలి.

బూట్ల విషయంలో ఖరీదుకు, కాలికి సంబంధం లేదు. బొటనవ్రేలి ముందు అరంగుళం ఖాళీ వుండాలి, మడమ జారకూడదు, అడుగు ఒకవైపు అరిగిపోయి వుండకూడదు. అన్నగారి పాత బూట్లు రెండు జతల మేజోళ్లు తొడిగి వాడేవారున్నారు. దాని కంటె తక్కువ ధరవి సరిపోయేవి కొనుక్కోవడం మేలు. పరీక్ష రోజున కొత్త బూట్లు వేసుకొని మూడో చుట్టుకే బొబ్బలెక్కి ఆగిపోవడం ఏటా జరుగుతున్న సంగతే. చిన్ననాటి నుంచి చెప్పుల్లేకుండా తిరిగిన వారికి వట్టికాళ్ల పరుగు అలవాటే గాని, వున్నట్లుండి వట్టికాళ్లకు మారడం మాత్రం చేటు.

అసలు ఎంత పరుగెత్తాలి?

లెక్క చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మన రాష్ట్రంలో కానిస్టేబులు పరీక్షకు మగవారు 1600 మీటర్లు 8 నిమిషాలలో, ఆడవారు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలని 2022 ప్రకటనలో వుంది. తెలంగాణలో ఆ ఏటి నియామకాలలో మగవారికి అదే దూరం 7 నిమిషాల 15 సెకన్లు. సైన్యంలో అగ్నివీరులకు 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు పూర్తి చేస్తేనే పూర్తి 60 మార్కులు. కేంద్ర దళాల కానిస్టేబులు ఎంపికలో మగవారికి 5 కిలోమీటర్లు 24 నిమిషాలు.

ఊరి మైదానంలో 200 మీటర్ల చుట్టు గీసుకొంటే 1600 మీటర్లు ఎనిమిది చుట్లు. పోలీసు పరీక్షకు చుట్టుకొక నిమిషం. సైన్యానికి చుట్టుకు 41 సెకన్లు. ఈ రెండూ ఒకటి కావు. ఒకే సాధన రెంటికీ సరిపడదు. చుట్టుకొక నిమిషం చొప్పున ఎనిమిది చుట్లు తిరగడానికి రోజూ పది, పన్నెండు కిలోమీటర్లు కొట్టవలసిన పని లేదు. పందెం 1.6 కిలోమీటర్లయితే పది కిలోమీటర్లు రోజూ పరుగెత్తడం, సైకిలు కొనడానికి లారీ డబ్బు అప్పు తేవడం వంటిది.

కనీసం మూడు నెలలు చేతిలో వుంచుకోవాలి. మొదటి మూడు వారాలు రోజు విడిచి రోజు, నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున అరగంట చాలు. తరువాత పక్కవాడితో మాట్లాడగలిగే వేగంలో ఇరవై నిమిషాలు ఆగకుండా పరుగెత్తడం అలవాటు చేసుకోవాలి. వేగం సంగతి ఆరో వారం తరువాతనే, అదీ వారానికి ఒక రోజు: 200 మీటర్లు పరీక్ష వేగంతో పరుగెత్తి, అంత దూరం నడచి, మళ్లీ పరుగెత్తడం. నాలుగో వారానికొకసారి దూరం సగానికి తగ్గించాలి. వారానికి పదో వంతుకు మించి పెంచవద్దన్నది పాత లెక్క. రాతి మీద గీత కాదు గాని, కొత్తవారికి పనికివస్తుంది. రోజూ ఒకే వైపు చుట్లు తిరగక ఒకరోజు కుడికి, ఒకరోజు ఎడమకు తిరగాలి.

పరుగుకు ముందు కూర్చొని కాళ్లు చాచి పావుగంట సాగదీసుకొంటే దెబ్బలు తగలవన్న నమ్మకానికి ఆధారం తక్కువ. అయిదు నిమిషాల వడి నడక, అయిదు నిమిషాల మెల్లని పరుగు, కాళ్లు ఊపడం అంతకంటె మేలు. వారానికి రెండు రోజులు అరుగు మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించడం, గుంజీలు తీయడం చేస్తే పిక్కలకు, తొడలకు బలం వస్తుంది. దీనికి జిమ్ అక్కరలేదు. పొలం పని చేసే కుర్రాడు, ముఖ్యంగా నాట్లప్పుడు, రోజంతా బురదలో దిగి సాయంత్రం మళ్లీ పరుగెత్తితే అది రెండు పూటల కూలి. ఆ రోజు పరుగు మానడమే సాధన.

తిండి సంగతి

ఎముకకు కావలసినది సీసాలలో దొరికే పొడులలో లేదు. మన ప్రాంతంలో వదిలేస్తున్న చోడి అంబలి వుంది. వంద గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా సున్నం వుంటుంది. బియ్యంలో అందులో పదో వంతు కూడా లేదు. గుడ్డు, పప్పు, చిన్నచేపలు, ఆకుకూర, ఉదయపు ఎండ మిగతావి.

పోలీసు ఉద్యోగాలకు సిద్ధమవుతున్న ఆడపిల్లల విషయం వేరుగా చెప్పాలి. చాలామందిలో రక్తహీనత వుంటుంది. ఆయాసానికి కారణం సాధన తక్కువ కావడం కాక రక్తం తక్కువ కావడం కావచ్చు. హిమోగ్లోబిన్ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేస్తారు. బరువు తగ్గితే వేగం వస్తుందని తిండి తగ్గించి పరుగు పెంచిన పిల్లకు నెలసరి ఆగిపోతే, ఎముకలు పలచబడుతున్నాయనడానికి అది హెచ్చరిక. ఇంట్లో చెప్పుకోవడానికి సిగ్గుపడి ఈ ఒక్క సంగతి దాచడం వల్ల కాలి ఎముక బీటలు పడిన తరువాత గాని బయటపడడం లేదు. తల్లులే అడిగి తెలుసుకోవాలి. వెయిట్‌లిఫ్టింగులో 2000 ఒలింపిక్ పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస ప్రాంతమే. ఆడపిల్లకు బలమైన తిండి ఎందుకని ఈ జిల్లాలో ఎవరూ అడగనక్కరలేదు.

ఎండలో పరుగు

2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జార్ఖండ్‌లో ఎక్సయిజు కానిస్టేబుళ్ల ఎంపికకు మగవారికి 10 కిలోమీటర్ల పరుగు గంటలో పూర్తి చేయాలన్న నియమం పెట్టారు. ఆ పరుగులో పడిపోయి పదిమందికి పైగా చనిపోయారు. ప్రభుత్వం పరీక్షలను కొన్నాళ్లు నిలిపివేసింది. మన తీరంలో ఉక్క తక్కువేమీ కాదు. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. పరుగులో తల తిరగడం, మాట తడబడడం, వణుకు కనిపిస్తే వెంటనే ఆపి, నీడకు చేర్చి, ఒంటిపై నీళ్లు కుమ్మరించి, విసిరి, 108కి కబురు చేయాలి. స్పృహ లేనివాని నోట్లో నీళ్లు పోయరాదు. పరుగులో గుండెలో నొప్పి వచ్చినవారు, ఒక్కసారైనా స్పృహ తప్పినవారు, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినవారు వున్నవారు ఇ.సి.జి. తీయించుకొని వైద్యునికి చూపించిన తరువాతనే పరుగుకు దిగాలి.

మైదానం గేటు తాళం

కుర్రాళ్లు రోడ్డు ఎక్కడానికి మరో కారణం వుంది. చాలా ఊళ్లలో హైస్కూలు మైదానం గేటుకు తెల్లవారుజామున తాళం వుంటుంది. తాళం తీసినచోట నేల గోతులమయం. 200 మీటర్ల చుట్టు వేయడానికి పెద్ద ఖర్చు లేదు. రెండు పక్కలా 50 మీటర్ల చొప్పున తిన్నని గీతలు, రెండు కొసలా సుమారు 16 మీటర్ల వ్యాసార్ధంతో అర్ధ వలయాలు, నేల చదును చేసి రోలరు తిప్పడం, సున్నం గీత. పంచాయతీలు ప్రధానోపాధ్యాయులతో మాట్లాడి ఉదయం రెండు గంటలు తాళం తీయిస్తే, తాళం చెవి ఎవరి బాధ్యతో వ్రాసి పెట్టుకొంటే, ఈ పని ఒక వారంలో అవుతుంది.

నియామక మండలి చేయవలసినది కూడా లేకపోలేదు. వ్రాతపరీక్ష ఫలితం నాడే పరుగు పరీక్ష ఏ నెలలో వుంటుందో చెప్పి, వాయిదా పడితే కొత్త తేదీకి కనీసం పన్నెండు వారాల గడువు ఇవ్వాలి. 6,100 పోస్టుల ప్రకటన వెలువడిన నాటి నుంచి తుది ఫలితాలు వచ్చిన 2025 ఆగస్టు వరకు రెండు సంవత్సరాల ఎనిమిది నెలలు పట్టింది. అందులో పన్నెండు వారాలు పెద్ద లెక్క కాదు. ఎముక బీటతో వైద్యుని ధ్రువపత్రం తెచ్చినవారికి మరో అవకాశం ఇవ్వవచ్చునా అన్నది కూడా ఆలోచించవలసినదే, దొంగ ధ్రువపత్రాల బెడద వున్నప్పటికీ. అంతవరకు తరువాతి ప్రకటన కోసం చూస్తున్నవారు, అది పడక ముందే, ఈ నెలలోనే, రోజు విడిచి రోజు అరగంట మొదలుపెట్టడం ఒక్కటే వారి చేతిలో వున్న పని.